దేవుని నడిపింపుకు తలవంచిన బిషప్ అజరయ్య

వినయం, విధేయత అనే మాటలు మనం చిన్నప్పటి నుండి వింటున్నాం. పెద్దల ముందు తలవంచుకుని నిలబడడమే వినయమని, ఎదురు చెప్పకపోవడమే విధేయత అని చాలామంది అనుకుంటారు. నిజమైన వినయం వేరని తన జీవితం ద్వారా చూపించిన మహనీయుడు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు.

ఆయన 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో వెల్లాలన్‌విలై అనే చిన్న గ్రామంలో జన్మించారు. అప్పట్లో చిన్నచూపుకు గురైన నాడార్ కులం వారిది. తండ్రి థామస్ వేదనాయకం గారు గ్రామ పాస్టరు. కొడుకు చదువుకునే రోజుల్లోనే ఆయన కన్నుమూశారు. తల్లి ఎలెన్ గారు కుమారుణ్ణి ప్రార్థనలో, క్రమశిక్షణలో పెంచారు. మనలాగే అజరయ్య గారు కూడా ఇంటికి దూరంగా బోర్డింగులో ఉండి చదువుకున్నారు. తరువాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు కానీ అనారోగ్యం వల్ల డిగ్రీ చివరి పరీక్ష రాయలేకపోయారు. అంతటితో జీవితం అయిపోయిందని ఆయన కూర్చోలేదు. 1895 నుండి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణ భారతమంతా తిరిగి యువకుల మధ్య పని చేశారు.

1902లో ఆయన శ్రీలంకలోని జాఫ్నా వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో సేవకులను పంపుతున్నారని చూసి ఆలోచనలో పడ్డారు. మన దేశపు క్రైస్తవులు ఎంతకాలం విదేశీయుల మీద ఆధారపడాలని తనను తాను ప్రశ్నించుకుని ప్రార్థించారు. దాని ఫలితంగా 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. ఆ సొసైటీ ఎంచుకున్న పొలం మన తెలుగు నేల, నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం.

అజరయ్య గారు ఊరూరా తిరిగి, సేవకు వెళ్ళండని యువకులను పిలిచేవారు. కొన్నేళ్ళకు ఆయన మనసులోనే ఒక ప్రశ్న పుట్టింది. ఇతరులను పొమ్మని చెప్పే నేను ఎందుకు వెళ్ళకూడదు? దేవుని నడిపింపు తనకే వచ్చిందని ఆయన గ్రహించారు. 1909లో మంచి పేరున్న ఉద్యోగం వదిలి, భార్య అన్బు గారితోను పిల్లలతోను డోర్నకల్ వచ్చారు. అప్పటికి ఆయనకు దాదాపు ముప్పై అయిదేళ్ళు. ఆ వయసులో కొత్తగా తెలుగు నేర్చుకున్నారు. ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగారు. ఊరి బయట ఉన్న మాలపల్లెలలో, మాదిగపల్లెలలో ప్రజలతో కలిసిపోయారు.

ఇంత వినయం గల మనిషి భయస్థుడు కాదు. 1910లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడారు. మిషనరీల త్యాగాన్ని మెచ్చుకుంటూనే, వారు భారతీయులను సమానులైన స్నేహితులుగా చూడడం లేదని నిర్భయంగా చెప్పారు. సభలో కొందరికి అది రుచించలేదు. దేవుని ముందు మోకరిల్లే మనిషి మనుషుల ముందు నిటారుగా నిలబడగలడని ఈ సంఘటన మనకు తెలియజేస్తుంది.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. ఒక భారతీయుడికి అంత పదవి ఎందుకని వ్యతిరేకించిన వారున్నారు. ఆయన వారికి తన పనితోనే జవాబు చెప్పారు. గ్రామాలలో బడులు పెట్టించారు, తెలుగువారిని గురువులుగా తయారు చేశారు. తాగుడు, అప్పులు, అపరిశుభ్రత, రోగాలు పేదవాణ్ణి కుంగదీస్తున్నాయని చెప్పి వాటి మీద పోరాడారు. సంఘంలో కులభేదాలు ఉండరాదని గట్టిగా పట్టుపట్టారు. ఆయన కాలంలోనే డోర్నకల్ అధ్యక్ష మండలంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

డోర్నకల్ దేవాలయం చూస్తే ఆయన మనసు అర్థమవుతుంది. విదేశీ చర్చిలకు నకలుగా కాకుండా, మసీదు వంటి గుమ్మటాలతో, దక్షిణాది గుడుల వంటి స్తంభాలతో దానిని కట్టించారు. డబ్బు కొరత వల్ల చాలా ఏళ్ళు పట్టినా ఓపిక పట్టారు. 1939 జనవరి 6న దానికి ప్రతిష్ఠ జరిగింది. వేర్వేరు సంఘాలు ఒక్కటి కావాలని 1919 నుండి కృషి చేశారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే తుదిశ్వాస విడిచారు. ఆయన కోరుకున్న దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడింది. ఆ రోజును ఆయన కళ్ళారా చూడలేదు. ఫలితం తన చేతికి రాకపోయినా పని చేయడమే విధేయత.

మిత్రులారా! మనం ఏ మతం వారమైనా ఈ జీవితం నుండి నేర్చుకోవలసింది ఉంది. వినయమంటే మనల్ని మనం తక్కువ చేసుకోవడం కాదు. మన కులాన్ని చూసి ఎవరైనా చిన్నచూపు చూస్తే తలవంచవలసిన పని లేదు. రేపు మనలో ఒకరు ఆఫీసరు కావచ్చు, డాక్టరు కావచ్చు, టీచరు కావచ్చు. ఎంత ఎదిగినా మన పల్లెకు తిరిగి వెళ్ళి, మనవాళ్ళతో చాప మీద కూర్చోగలగాలి. మంచి పని చేయమని అంతరాత్మ పిలిచినప్పుడు పక్కవాడి వైపు చూపించకుండా మనమే లేచి వెళ్ళాలి. అదే అజరయ్య గారికి మనం అర్పించే నిజమైన నివాళి.