మనోవ్యాధికి మందు

అనకాపల్లి పేరు వినగానే అందరికీ బెల్లం గుర్తుకు వస్తుంది. చుట్టుపక్కల పల్లెల రైతులు చెరకు ఆడించి, రసం కాచి, దిమ్మలు కట్టి ఆ పట్టణపు మార్కెట్టుకు చేరుస్తారు. ఈ పల్లెల్లో ఎవరికైనా జ్వరం వస్తే ఇరుగుపొరుగువారు వచ్చి పలకరిస్తారు. కాలు విరిగితే నలుగురూ కలిసి ఆసుపత్రికి చేరుస్తారు. కాని మనసు విరిగిన మనిషి మాత్రం తన బాధను ఎవరికీ చెప్పుకోడు. తెలిస్తే పిచ్చి అంటారనీ, ఇంట్లో పెళ్లి సంబంధాలు తప్పిపోతాయనీ భయపడతాడు. గాలి సోకిందని కొందరు, దిష్టి తగిలిందని కొందరు భావిస్తారు. మనోవ్యాధికి మందు లేదన్న సామెత తెలుగునాట అన్ని ఊళ్లలోనూ వినిపిస్తుంది. ఆ సామెత ఎంతవరకు నిజమో తెలుసుకోవడానికి ఒక పల్లెటూరి మనిషి జీవితాన్ని పరిశీలిద్దాం. ఆయనే అమెరికా దేశానికి పదహారవ అధ్యక్షుడైన అబ్రహాం లింకన్.

లింకన్ 1809 ఫిబ్రవరి 12వ తేదీన కెంటకీ రాష్ట్రంలో ఒక దుంగల ఇంట్లో జన్మించాడు. తండ్రి థామస్ సేద్యమూ, వడ్రంగమూ చేసి కుటుంబాన్ని పోషించేవాడు. 1816లో వారు ఇండియానాకు వలసపోయి, అడవి కొట్టి పొలం చేసుకున్నారు. విషపు మొక్క మేసిన ఆవుల పాలు తాగితే వచ్చే ఒక జబ్బు ఆ ప్రాంతంలో వ్యాపించింది. 1818లో తల్లి నాన్సీ ఆ జబ్బుతోనే కన్నుమూసింది. అప్పటికి లింకన్‌కు తొమ్మిదేళ్లు. మరుసటి ఏడు ఇంటికి వచ్చిన సవతి తల్లి సారా అతనిని కన్నబిడ్డవలె ఆదరించింది. అయినా దుఃఖం ఆ ఇంటిని వదలలేదు. 1828లో అక్క ప్రసవ సమయంలో మరణించింది. లింకన్ బడిలో గడిపిన కాలం మొత్తం కలిపినా ఏడాదికి మించదు. మిగిలిన చదువంతా అరువు తెచ్చుకొన్న పుస్తకాలతో సాగింది.

1831లో ఆయన ఇల్లినాయి రాష్ట్రంలోని న్యూసేలం అనే చిన్న గ్రామానికి చేరాడు. భాగస్వామితో కలిసి పెట్టిన దుకాణం దివాలా తీసి, ఏళ్ల తరబడి తీర్చవలసిన అప్పును మిగిల్చింది. పోస్టుమాస్టరుగా, భూముల సర్వేయరుగా పనిచేసి కడుపు నింపుకొన్నాడు. 1834లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. 1835 ఆగస్టులో ఆయనకు ఆప్తురాలైన ఆన్ రట్లెజ్ జ్వరంతో మరణించింది. లింకన్ పూర్తిగా కుంగిపోయాడు. ఒంటరిగా తిరుగుతూ, ఆమె సమాధిపై వాన కురుస్తుందన్న తలపును కూడా భరించలేకపోయాడని ఆ గ్రామస్థులు తరువాతి కాలంలో చెప్పారు. ఆయన ప్రాణానికే ముప్పు కలుగుతుందేమోనని వారు భయపడ్డారు. అయితే వారు ఆయనను వెలివేయలేదు, వెక్కిరించలేదు. వంతులవారీగా కనిపెట్టి ఉన్నారు. బౌలింగ్ గ్రీన్ అనే పెద్దమనిషి, ఆయన భార్య లింకన్‌ను తమ ఇంటికి తీసుకుపోయి కొన్ని వారాలు కంటికి రెప్పలా చూసుకున్నారు. ఆయన మెల్లగా కోలుకున్నాడు.

లింకన్ 1836లో న్యాయవాది కావడానికి అనుమతి పొంది, 1837లో స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో స్థిరపడ్డాడు. అక్కడ జాషువా స్పీడ్ అనే యువ వ్యాపారి తన దుకాణం పైగదిలో ఆయనకు చోటిచ్చాడు. వారిద్దరూ ప్రాణస్నేహితులయ్యారు. 1841 జనవరిలో లింకన్‌ను మరింత తీవ్రమైన వ్యాకులత ఆవరించింది. మేరీ టాడ్‌తో కుదిరిన పెళ్లి తప్పిపోయింది. ఆప్తమిత్రుడు స్పీడ్ ఊరు విడిచి వెళ్లడానికి సిద్ధపడుతున్నాడు. లింకన్ కొన్ని రోజులు శాసనసభకు పోలేక మంచం పట్టాడు. స్నేహితులు ఆయన గదిలోని ప్రమాదకరమైన వస్తువులను తొలగించి, కాపలాగా నిలిచారు.

ఈ కష్టకాలంలో లింకన్ చేసిన పని గమనింపదగినది. ఆయన తన బాధను దాచుకోలేదు. తన స్థితిని వివరిస్తూ న్యాయవాద వృత్తిలో భాగస్వామి అయిన జాన్ స్టూవర్ట్‌కు ఉత్తరం రాశాడు. ఆన్సన్ హెన్రీ అనే వైద్యునివద్ద చికిత్స పొందాడు. ఆ వైద్యుడు ఊరు విడిచిపోకుండా ఉండడానికి అతనికి పోస్టుమాస్టరు ఉద్యోగం ఇప్పించవలసిందని కోరాడు. సిన్సినాటి నగరంలో పేరుపొందిన వైద్యుడైన డానియెల్ డ్రేక్‌కు కూడా తన జబ్బు గురించి సుదీర్ఘమైన లేఖ రాశాడనీ, రోగిని స్వయంగా చూడకుండా మందు చెప్పలేనని ఆ వైద్యుడు బదులిచ్చాడనీ స్పీడ్ తరువాత తెలియజేశాడు. శాసనసభ్యుడు, న్యాయవాది అయిన మనిషి సహాయం కోరడానికి సిగ్గుపడలేదన్నమాట.

ఆ ఏడాది వేసవి చివర లింకన్ కెంటకీలోని స్పీడ్ కుటుంబ క్షేత్రానికి వెళ్లి కొన్ని వారాలు గడిపాడు. స్పీడ్ తల్లి ఆయనను ఆదరించి, ఒక బైబిలు కానుకగా ఇచ్చింది. కొద్ది నెలలకు పరిస్థితి తారుమారయింది. 1842లో స్పీడ్ తన పెళ్లికి ముందు తీవ్రమైన దిగులుకు లోనయ్యాడు. అప్పుడు లింకన్ వరుసగా ఉత్తరాలు రాసి మిత్రునికి ధైర్యం చెప్పాడు. సాయం పొందిన చేయే సాయం చేసే చేయి అయింది. అదే సంవత్సరం నవంబరు 4న లింకన్, మేరీ టాడ్‌ల వివాహం జరిగింది.

దిగులు ఆయనను పూర్తిగా విడిచిపోలేదు. నలుగురు కుమారులలో ఎడ్డీ 1850లో మరణించాడు. అధ్యక్షుడిగా ఉన్న కాలంలోనే, 1862 ఫిబ్రవరిలో, పదకొండేళ్ల విల్లీ కన్నుమూశాడు. మరొకవైపు అంతర్యుద్ధంలో లక్షలాది సైనికులు నేలకూలారు. ఇంతటి బరువును మోస్తూనే ఆయన 1863 జనవరి 1న బానిస విమోచన ప్రకటన జారీ చేశాడు. దానికి కొద్ది రోజుల ముందే, 1862 డిసెంబరులో, యుద్ధంలో తండ్రిని పోగొట్టుకొన్న ఫానీ మెకల్లో అనే యువతికి ఓదార్పు లేఖ రాశాడు. ఈ దుఃఖం ఎన్నటికీ తగ్గదని ఇప్పుడు అనిపించినా తప్పక తగ్గుతుందనీ, అది తన అనుభవంతో తెలిసిన సత్యమనీ ఆమెకు నచ్చజెప్పాడు. 1865 ఏప్రిల్ 14న ఒక హంతకుడు ఆయనపై కాల్పులు జరిపాడు. మరునాటి ఉదయం ఆయన మరణించాడు.

లింకన్‌కు వచ్చిన వ్యాకులతను కుంగుబాటు, అనగా డిప్రెషన్, అని నేడు అనేకులు భావిస్తున్నారు. ఆ కాలపు వైద్యులకు దాని స్వభావం సరిగా తెలియదు. ఆయన వాడిన మాత్రలలో పాదరసం కూడా ఉండేది. ఆనాడు ఆయనను కాపాడినవి పొరుగువారి ఆదరణ, స్నేహితుని తోడు, నోరు తెరిచి చెప్పుకొనే ధైర్యం.

నేడు ఆ ఆదరణకు తోడుగా చక్కని వైద్యమూ లభిస్తున్నది. రెండు వారాలకు మించి విడవని దిగులు, ఇష్టమైన పనులపై విముఖత, నిద్ర, ఆకలి తప్పడం, విపరీతమైన అలసట, ఎందుకూ పనికిరానన్న భావన, చావు తలపులు దీని లక్షణాలు. ఇది సోమరితనం కాదు, దయ్యం కాదు, పూర్వజన్మ పాపమూ కాదు. పంట నష్టం, అప్పులు, ఆప్తుల మరణం, పరీక్షలో వైఫల్యం వంటివి దీనికి దారితీయవచ్చు. ఏ కారణమూ కనిపించకుండానూ రావచ్చు. కౌన్సెలింగ్‌తో, అవసరమైతే మందులతో చాలామంది కోలుకుంటారు. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది కనుక మధ్యలో మానరాదు.

మన దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో ప్రారంభమైంది. మానసిక వైద్యం పొందడం ప్రతివారి హక్కని 2017 నాటి చట్టం ప్రకటించింది. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమైన అనకాపల్లి నుండి విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు బస్సులో పోయి అదే రోజు తిరిగి రావచ్చు. ప్రయాణం సాధ్యం కానివారు 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవకు, 14416 నంబరుకు, రాత్రింబవళ్లు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఊరి ఆశా కార్యకర్తకు చెప్పినా దారి చూపుతుంది.

మన తరగతిలో, మన వీధిలో, మన ఇంట్లోనే ఒకరు మౌనంగా కుంగిపోతూ ఉండవచ్చు. వారి పక్కన కూర్చుని వినడం, వైద్యునివద్దకు తోడుగా వెళ్లడం మనం చేయగల పనులు. ఆ బాధ మనదే అయితే నమ్మినవారికి చెప్పుకోవడం మన కర్తవ్యం. మనోవ్యాధికి మందు ఉంది. న్యూసేలం గ్రామస్థులు దాని పేరు తెలియకుండానే అందులో సగం ఇచ్చారు. మిగిలిన సగం నేడు వైద్యుల చేతిలో ఉంది.