పాదిరి బేయిస్, వాగ్దాన కార్డుల సంచి

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు తీసుకోవడం మన సంఘాలలో వాడుక. ప్రొద్దుటూరైనా, జమ్మలమడుగైనా, పులివెందులైనా ముందు నిలబడాలని తోపులాట తప్పదు. మంచి కార్డులన్నీ ముందువారికే పోతాయని వెనుక నిలిచిన అవ్వల దిగులు. ఆ దిగులుకు లెక్కతో జవాబు చెప్పగలిగినవాడు ఒక పాదిరి. ఇంటర్ పిల్లలు గణితంలో చదివే సిద్ధాంతం ఆయన పేరు మీదే ఉంది.

థామస్ బేయిస్ 1701 ప్రాంతంలో ఇంగ్లండులో పుట్టారు. తండ్రి జాషువా బేయిస్ కూడా సేవకుడే. ఆంగ్లికన్ సంఘంలో చేరని కుటుంబం గనుక ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి పట్టాలు అందవు. 1719లో ఎడిన్‌బరో వెళ్లి తర్కము, వేదాంతము చదివారు. తరువాతి కాలంలో జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రి పెట్టిన లండన్ మిషనుకు అండగా నిలిచినవి ఎక్కువగా ఇటువంటి విడి సంఘాలే.

టన్‌బ్రిడ్జి వెల్స్ అనే ఊరిలో ఆయన చాలా ఏళ్లు కాపరిగా ఉన్నారు. ప్రసంగీకునిగా పెద్ద పేరు రాలేదంటారు. మాబోటి కాపరులకు అదొక ఓదార్పు. బిషప్ బర్క్లీ విమర్శకు ఎదురుగా న్యూటన్ గణితాన్ని సమర్థిస్తూ 1736లో పేరు వేసుకోకుండా ఒక పుస్తకం రాశారు. 1742లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు.

1761 ఏప్రిల్‌లో ఆయన ప్రభువునందు నిద్రించారు. మిత్రుడైన పాదిరి రిచర్డ్ ప్రైస్ ఆయన కాగితాలలో ఒక వ్యాసం చూసి 1763లో రాయల్ సొసైటీకి పంపారు. మొదటిది జరిగిందని తెలిస్తే రెండవదాని అవకాశం ఎంత, రెండవది తెలిస్తే మొదటిదాని గురించి ఏమనవచ్చు అన్న లెక్కలు అందులో ఉన్నాయి.

సంచిలో 10 కార్డులు, వాటిలో 3 కీర్తనల గ్రంథంలోనివి అనుకుందాం. తీసిన కార్డు తిరిగి వేయము. మొదటివారికి కీర్తన వచ్చే అవకాశం 10లో 3. వారికి వచ్చిందని చూస్తే రెండవవారికి 9లో 2, రాలేదని చూస్తే 9లో 3. ఎవరూ విప్పకపోతే? రెండు దారులూ కలిపితే 90లో 27, అంటే మళ్లీ 10లో 3. చివర నిలిచిన అవ్వకూ అంతే. తోసుకున్నవారికి దక్కిన లాభమేమీ లేదు.

ఇంకొక చిత్రం చూడండి. రెండవవారు ముందుగా విప్పి కీర్తన చూపిస్తే, మొదటివారి చేతిలోని మూసిన కార్డు కీర్తన అయ్యే అవకాశం కూడా 9లో 2కు తగ్గుతుంది. ఆ కార్డు మారలేదు, మనకు తెలిసినది మారింది.

ఈ లెక్కలో సృష్టికర్త ఏర్పాటుకు సాక్ష్యం ఉందని ప్రైస్‌గారు నమ్మారు. మేము అంత దూరం పోలేము. కార్డు అందించే ప్రభువు చిత్తం పదిలో ఎంత అనే కొలతకు దొరుకుతుందని మేమనుకోము.

బేయిస్ సమాధి లండన్‌లోని బన్‌హిల్ ఫీల్డ్స్‌లో ఉంది. యాత్రికుని ప్రయాణం రాసిన జాన్ బన్యన్, మనం పాడే పాటలెన్నో రాసిన ఐజాక్ వాట్స్ కూడా ఆ నేలలోనే ఉన్నారు.