కొన్న బండి, కట్టిన బండి: యంత్రశిల్పి జి.డి. నాయుడు

యంత్రమును సంపాదించుటకు లోకమున రెండు మార్గములు కలవు. ఒకరు వాడి విడిచిన దానిని వెలయిచ్చి కొనుట మొదటిది. సామగ్రి సమకూర్చుకొని స్వయముగా నిర్మించుట రెండవది. పాతది కొన్నచో ధనము తక్కువ పట్టును. కాని వాడినవారి అజాగ్రత్త వలన కలిగిన లోపములన్నియు దానితోపాటు మన యింటికి వచ్చును. స్వయముగా నిర్మించినచో అందలి ప్రతి మరయు మనకు తెలిసియుండును. కాని పని ముగియుటకు ఎంత కాలము, ఎంత ధనము పట్టునో మొదట ఎవరును చెప్పజాలరు. మోటారు బండ్లపై మక్కువ గలవారి మధ్య ఈ రెండింటిలో ఏది మేలను వాదము నేటికిని తెగలేదు. ఈ రెండు మార్గములను స్వయముగా నడచి చూచిన తెలుగుబిడ్డ యొకడు గత శతాబ్దిలో కోయంబత్తూరున ఉండెను. ఆయన పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకము జి.డి. నాయుడని పిలిచినది.

కర్నూలు, కడప జిల్లాల రైతులకు కోయంబత్తూరు పేరు కొత్త కాదు. వాన చాలని ఈ మెట్టనేలలో ఒకప్పుడు కపిల తోలి బావినీటిని పైకి తెచ్చుచుండిరి. ఎద్దులు వెనుకకును ముందుకును నడచిన ఆ శ్రమను విద్యుచ్ఛక్తితో నడచు మోటారు తొలగించినది. అట్టి మోటార్లలో పెక్కింటికి పుట్టినిల్లు కోయంబత్తూరు. అదియు పడమటి కనుమల చాటున వాన తగ్గిన ప్రదేశమే. ప్రత్తి పండు నేలయే. కోవెలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతముల నల్లరేగడి చూచినవారికి ఆ భూమి పరాయిదిగా తోచదు. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు ఈ మూడు జిల్లాలును మద్రాసు పరిపాలన క్రిందనే యుండెను. విజయనగర కాలమునందును, అటుపిమ్మటను తెలుగునాటి నుండి కొంగునాటికి తరలిపోయిన కుటుంబములు అనేకము అక్కడ స్థిరపడి, ఇంట తెలుగును నిలుపుకొని, వ్యవసాయమునందును పరిశ్రమలందును వృద్ధి చెందినవి. నాయుడుగారి కుటుంబము అట్టిదే.

దొరస్వామి 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపమునందలి కలంగల్ గ్రామమున జన్మించెను. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయదారు. తల్లి ఆ బాలుని పసితనముననే మరణించెను. బడి చదువు ప్రాథమిక తరగతులను దాటలేదు. నాలుగు గోడల నడుమ కూర్చుండి పాఠము వల్లించుటకు ఆ బాలుని మనస్సు అంగీకరింపలేదు. అంతమాత్రమున ఆతనికి విద్యపై అభిరుచి లేదనుట పొరపాటు. ఆతని కుతూహలము అక్షరములపైగాక వస్తువులపై ముందుగా నిలిచినది. ఏ వస్తువు ఎట్లు కదలునో, ఎందుకు ఆగునో తెలిసికొనువరకు ఆతనికి నిలుకడ లేకుండెడిది.

యౌవనారంభమున దొరస్వామి ఒక ఆంగ్లోద్యోగి నడుపుచున్న మోటారు సైకిలును చూచెను. అది ఇంగ్లండులోని రడ్జ్ కంపెనీవారి బండి. ఎడ్లబండియు, గుఱ్ఱపుబండియు తప్ప వేరు వాహన మెరుగని ఆ పల్లెలలో, ఏ పశువును లాగకుండ తనంత తాను పరుగెత్తు బండి పెద్ద వింత. చూచినవారందరును ఆశ్చర్యపడిరి. దొరస్వామికి మాత్రము దానిని విప్పి లోపల నేమున్నదో చూడవలెనను కోరిక పుట్టెను. చేత ధనము లేదు. పల్లె విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డన పనికి కుదిరెను. సుమారు మూడేండ్లు జీతములో మిగిల్చి మిగిల్చి కూడబెట్టెను. తుదకు దాదాపు 300 రూపాయలకు ఆ బండినే కొనెను.

కొన్నవాడు సామాన్యుడైనచో దానినెక్కి ఊరేగియుండును. దొరస్వామి దానిని ముక్కలు ముక్కలుగా విప్పెను, మరల కూర్చెను. ఈ కార్యమును విద్యార్థులు తేలికగా తలపరాదు. అట్టి బండిలో పెట్రోలు గాలితో కలియుటకు ఒక పరికరము, ఆ మిశ్రమమును మండించు నిప్పురవ్వకు మరియొక పరికరము, ఆ మంట తోపుడుకు క్రిందుమీదులగు పిస్టను, ఆ కదలికను చక్రమునకు అందించు పట్టెడయు ఉండును. విప్పిన క్రమమును మరచినచో కూర్చుట అసాధ్యము. ఒక మర తక్కువైనచో ఇంజను కదలదు, కదలినను నిలువదు. పాత యంత్రమున మరియొక గుణము కలదు. కొత్త యంత్రము తన బలహీనతను దాచుకొనియుండును. పాతది ఎచ్చట అరిగినదో, ఎచ్చట పగిలినదో, ఎచ్చట నూనె కారుచున్నదో చూపించును. కావున పాతబండిని విప్పినవాడు దాని నిర్మాణమునే గాక నిర్మాణములోని లోపమును గూడ చదువగలడు. ఆ 300 రూపాయలు దొరస్వామికి చదువు కొరకు చెల్లించిన జీతమైనది. ఆ బండియే ఆతనికి పాఠశాల. ఆ పాఠశాల నుండి ఆతడు మెకానిక్కుగా బయటికి వచ్చెను.

పిమ్మట నాయుడుగారు తిరుప్పూరులో ప్రత్తి వ్యాపారమున దిగి కొంత గడించిరి. ఆ ధైర్యముతో బొంబాయి వెళ్లి అక్కడి ప్రత్తి బేరములలో పెట్టుబడి పెట్టి, గడించిన దానిని పోగొట్టుకొనిరి. ఇంజను ఏల ఆగినదో విప్పి చూచిన తెలియును; బజారు ధర ఏల పడినదో విప్పి చూచుటకు వీలులేదు. నాయుడుగారు మరల యంత్రము వైపే మరలిరి.

కోయంబత్తూరున రాబర్ట్ స్టేన్స్ అను ఆంగ్లేయ పారిశ్రామికుడు ఉండెను. ఆయన నాయుడుగారి నేర్పును గుర్తించి సహాయము చేసెను. ఆ సహాయముతో నాయుడుగారు 1920లో ఒక బస్సును సంపాదించి, పొల్లాచి నుండి పళనికి తామే నడిపిరి. పళని సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రము. యాత్రికులకు కొదవ లేదు. ఒక బస్సు కొన్ని యేండ్లలో పెద్ద సంస్థగా పెరిగినది. అదియే యు.ఎం.ఎస్. అను పేర ప్రసిద్ధి కెక్కిన బస్సు సర్వీసు. ఆ దినములలో బస్సుల యింజనును, చట్రమును విదేశముల నుండి ఓడలపై వచ్చుచుండెను. పైకప్పు, ఆసనములు మున్నగు వానిని ఇచ్చటి వడ్రంగులు, కమ్మరులు అమర్చుచుండిరి. సగము కొనుట, సగము కట్టుట అను మూడవ మార్గము ఇట్లు మన దేశమున అలవాటైనది. కాని ఒక చిన్న మర విరిగినచో దానికి బదులు సముద్రము దాటి రావలయును. అందాక బండి కదలదు, ఆదాయము రాదు. బండ్ల నడుపువానికి విడిభాగములు చేయగల కార్ఖానా అవసరమని ఇట్టి యిబ్బందులే నేర్పును. నాయుడుగారి దృష్టి కొనుట నుండి నిర్మించుట వైపు ఈ త్రోవననే నడచినది.

1932లో నీలగిరులయందలి పైకారా జలవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించినది. కోయంబత్తూరు ప్రాంతమునకు విద్యుచ్ఛక్తి లభించెను. మిల్లులు పెరిగెను. 1937లో నాయుడుగారు డి. బాలసుందరం నాయుడుగారితో కలసి పీలమేడులో విద్యుత్తు మోటారును తయారుచేసిరి. మన దేశమున తయారైన తొలి మోటారుగా దానిని చెప్పుదురు. మెట్టరైతుకు ఇది ఎంతటి మేలు చేసినదో రాయలసీమ బావులు చెప్పగలవు. చిన్న బ్యాటరీతో నడచు గడ్డపు కత్తి, కిరసనాయిలుతో తిరుగు పంకా, పండ్లరసము తీయు యంత్రము, మోసమునకు తావీయని ఓటు యంత్రము మున్నగునవి ఆయన బుద్ధి నుండి వెలువడినవే. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేసి యీయగలనని 1941లో ఆయన ప్రకటించిరి. ఖరీదైన వస్తువును సామాన్యునికి అందు ధరలో చేయవలెననుట ఆయన కృషికంతటికి సూత్రము.

1945లో నాయుడుగారి దాతృత్వముతో కోయంబత్తూరున మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేర సాంకేతిక విద్యాసంస్థలు వెలసినవి. నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల వానినుండి పెరిగినదే. ప్రాథమిక తరగతులు మాత్రమే చదివిన వ్యక్తి ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలగుట విద్యాచరిత్రలో అరుదైన సంగతి. నాలుగేండ్ల చదువు దీర్ఘమనియు, చేతిపనితో కూడినచో తక్కువ కాలమున నేర్పవచ్చుననియు ఆయన అభిప్రాయపడిరి. ప్రభుత్వము సమ్మతింపలేదు. ఆయన ఆ పదవిని విడిచిరి. సిద్ధాంతమునకు కావలసిన కాలమును ఆయన తక్కువగా లెక్కించిరని ఉపాధ్యాయులు భావింపవచ్చును. అయినను చేయి తగులని యంత్రవిద్య విద్య కాదని ఆయన పట్టిన పట్టును కాదనుట కష్టము.

1952లో నాయుడుగారి జీవితమున ముఖ్యఘట్టము వచ్చినది. ఇద్దరు కూర్చుండదగిన పెట్రోలు కారు ఆయన కార్ఖానా నుండి వెలువడినది. దాని వెల 2,000 రూపాయలని నిర్ణయించిరి. మోటారు సైకిలును విప్పిన యువకుడు దాదాపు నలువదేండ్లకు కారును కూర్చినాడు. కాని దేశమున అప్పుడు కొత్త చట్టము అమలులోనికి వచ్చినది. 1951 నాటి పరిశ్రమల చట్టము ననుసరించి ప్రభుత్వము వారి లైసెన్సు లేక ఇట్టి పరిశ్రమను నడుపరాదు. నాయుడుగారి కారునకు లైసెన్సు లభింపలేదు. తయారీ ఆగిపోయినది.

ఆ కాలమున దేశము ఏ మార్గమును అనుసరించినదో పరిశీలింపవలెను. హిందుస్థాన్ మోటార్సువారు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాలను తెచ్చి మొదట ల్యాండ్‌మాస్టరును, తరువాత అంబాసిడరును తయారుచేసిరి. ప్రీమియర్ కంపెనీవారు ఇటలీలోని ఫియట్ నమూనాను గ్రహించిరి. అనగా దేశము ఒకరు వాడిన నమూనాను కొన్నది. ఇది కేవలము తెలివితక్కువ పని కాదు. ఉక్కునకును, విదేశీ ద్రవ్యమునకును కరవైన దినములవి. పరీక్షకు నిలిచిన నమూనాలో అపాయము తక్కువ. ఒక కారును కార్ఖానాలో నేర్పుతో కూర్చుట వేరు. ఒకే రీతిగా పదివేలు తయారుచేసి, ఊరూర విడిభాగములు అందించి, బ్రేకులు పట్టునని హామీ యిచ్చుట వేరు. ఆ రెండవ పరీక్షకు నాయుడుగారి కారు నిలిచెడిదో లేదో నిర్ణయించుటకు అవకాశమే కలుగలేదు. అసలు లోటు ఇదియే. ఓడిపోయినను కొంత నేర్చుకొనియుందుము, పోటీయే జరుగలేదు.

అంతకంటె విచారింపదగిన సంగతి మరియొకటి కలదు. నాయుడుగారు పాతబండిని కొన్నది విప్పుటకు. దేశము పాత నమూనాను కొని, దానిని చాలకాలము విప్పనే లేదు. అంబాసిడరు 1950 దశకము చివర మొదలై 2014 వరకు పెద్ద మార్పులేని ఆకారముతో వెలువడినది. కొనదలచినవారు ఏండ్ల తరబడి వేచియుండిరి. 1983లో జపాను సుజుకీ కంపెనీ సహకారముతో మారుతి కారు వచ్చినది. దేశమునందే రూపకల్పన జరిగిన టాటా ఇండికా 1998లో గాని వెలువడలేదు. లక్ష రూపాయల చిన్నకారును టాటావారు ప్రదర్శించినది 2008లో. సామాన్యునికి చిన్నకారు అను ఊహ నాయుడుగారి కార్ఖానాలో అప్పటికి ఏబదియారేండ్లకు పూర్వమే రూపుదాల్చినదని మరువరాదు.

కారు ఆగినను నాయుడుగారి కృషి ఆగలేదు. పొలమున దిగి ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలయందు కొత్త రకములను సాధించిరి. సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటి మహనీయులు ఆయన క్షేత్రమును సందర్శించిరి. 1974 జనవరి 4వ తేదీన ఎనుబదియేండ్ల వయస్సున ఆయన కన్నుమూసిరి. కోయంబత్తూరు అవినాశి రోడ్డునందు ఆయన వస్తువులతో ప్రదర్శనశాల కలదు. అదే త్రోవలో 2015లో ఆయన కుటుంబమువారు కార్ల ప్రదర్శనశాలను నెలకొల్పిరి. దేశదేశముల పాతకార్లు అందు బారులు తీరియున్నవి.

కొనుటయా, కట్టుటయా అను ప్రశ్నకు నాయుడుగారి జీవితమునుండి లభించు సమాధానము ఒక వరుసక్రమము: మొదట పాతదానిని కొనవలెను, కొన్నదానిని విప్పవలెను, విప్పినదానిని తిరిగి కూర్చవలెను, ఆపైన కొత్తది కట్టవలెను. మొదటి మెట్టు ఎక్కనివాడు మూడవ మెట్టున జారిపడును. మొదటి మెట్టుననే నిలిచిపోయినవాడు ఎన్నటికిని కొనుగోలుదారుగానే మిగులును. కర్నూలు, కడప జిల్లాల పల్లెలలో పాత మోటారో, పాత మోపెడో మూలనపడి యుండని యిల్లు తక్కువ. ఆ యింటి పిల్లవాడు స్పానరు చేతబట్టి దానిని విప్పబూనినచో, చదువు పాడగునని గద్దింపక, విప్పిన మరలను వరుసతప్పక పేర్చుమని చెప్పు పెద్దలును, ఆ మరల పేరులు అడిగి తెలిసికొను ఉపాధ్యాయులును ఆ పిల్లవానికి కావలెను.