పరదేశపు కానుక, మన బిడ్డల చదువు
డాక్టర్ ఐడా స్కడర్ అమ్మగారి జీవితము



వేలూరు ఆసుపత్రి పేరు వినని ఇల్లు మన చిత్తూరు ప్రాంతములో అరుదు. దానికి పునాది వేసిన డాక్టర్ ఐడా సోఫియా స్కడర్ అమ్మగారిని గొప్ప వైద్యురాలిగా ఎరుగుదుము. ఆమె జీవితములో సంఘ కానుకలకూ ఆడపిల్లల చదువుకూ ఉన్న సంబంధమును జ్ఞాపకము చేసికొనుట మేలు.

ఆమె 1870 డిసెంబరు 9న రాణిపేటలో జన్మించారు. తాతగారు డాక్టర్ జాన్ స్కడర్ 1819లో అమెరికా నుండి సిలోనుకు బయలుదేరిన వైద్య మిషనెరీ. తండ్రిగారు ఆర్కాటు మిషనులో వైద్యులు. 1911 వరకు ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరే కేంద్రము, వేలూరు అందులోనిదే. కాబట్టి ఆమె మనకు పరాయివారు కారు.

అమెరికాలో చదువుకొన్న ఐడాకు మిషనెరీ కావాలనే కోరిక లేదు. తల్లి జబ్బుపడినందున తిండివనం వచ్చారు. అక్కడ ఒక రాత్రి ఒకరి తరువాత ఒకరుగా ముగ్గురు వచ్చి, ప్రసవవేదనలో ఉన్న తమ భార్యలను కాపాడుమని వేడుకొన్నారు. ఆమె తండ్రిగారు వస్తామన్నారు గాని, పరపురుషుని లోపలికి రానిచ్చే ఆచారము వారికి లేదు. ఐడాకు వైద్యము తెలియదు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ కన్నుమూశారు. ఆ రాత్రే ఆమె జీవితమును మార్చింది. 1899లో కార్నెల్‌లో వైద్యవిద్య ముగించి, 1900లో వేలూరు చేరారు.

బయలుదేరే ముందు స్త్రీల ఆసుపత్రికి 8,000 డాలర్లు పోగుచేసే పని ఆమెకు అప్పగించారు. న్యూయార్కులోని షెల్ అనే ధనికుడు తన భార్య జ్ఞాపకార్థము ఒక్కడే 10,000 డాలర్లిచ్చాడు. 1902లో 40 పడకల ఆసుపత్రి లేచింది.

అయితే కట్టడము లేచినంత మాత్రాన పని తీరలేదు. ఇన్ని పల్లెలకు ఒక్క డాక్టరమ్మ ఏపాటి? ఈ దేశపు ఆడపిల్లలే డాక్టర్లు కావాలని ఆమె గ్రహించారు. వైద్య పాఠశాలకు దరఖాస్తులు మూడైనా వస్తాయా అని ప్రభుత్వ వైద్యాధికారి సందేహించాడు. 151 వచ్చాయి! 1918 ఆగస్టులో పాఠశాల తెరిచారు. 1922లో తొలి తరగతి నుండి 14 మంది పరీక్షకు కూర్చోగా 14 మందీ ఉత్తీర్ణులయ్యారు.

ఆ 151 మంది ఆకాశము నుండి ఊడిపడలేదు. అంతకు ముందే ఎవరో వారికి బడి చదువు చెప్పించారు. అమెరికాలోని రిఫార్మ్‌డ్ సంఘ స్త్రీలు 1875లో తమ విదేశ మిషను బోర్డును స్థాపించుకొని, మన ప్రాంతపు బాలికల బడులకు ఆదరువు అయ్యారు. చిత్తూరులోని బాలికల వసతి పాఠశాల అటువంటిదే. ఇచ్చిన వారిలో అత్యధికులు ఈ దేశమును కన్నులారా చూసినవారు కారు. తరువాత ఆసియాలోని ఏడు స్త్రీల కళాశాలల కొరకు, వాటిలో వేలూరు ఒకటి, రెండు మిలియన్ డాలర్లు కూడబెడితే మరో మిలియన్ ఇస్తామని రాక్‌ఫెల్లర్ నిధివారు 1920లలో మాట ఇచ్చారు. సంఘ స్త్రీలు ఆ పని సాధించారు.

ఇచ్చుటలో చిక్కులూ ఉన్నవి. 1938లో ప్రభుత్వము పాత వైద్య కోర్సును నిలిపివేయగా పాఠశాల మూతపడే ప్రమాదము వచ్చింది. డెబ్బది దాటిన వయసులో అమ్మగారు 1941లో మళ్లీ అమెరికా వెళ్లి కానుకలు అడిగారు. పురుషులను కూడా చేర్చుకొంటేగాని సంస్థ నిలువదని తేలినప్పుడు, స్త్రీల కొరకే ఇచ్చామని పాత స్నేహితురాండ్రు కొందరు అలిగి తొలగిపోయారు. ఆమె బాధపడ్డారు గాని వెనుకకు పోలేదు. 1942లో కళాశాల స్థాయి లభించింది. 1947లో పురుషులు చేరారు. తరువాతి కాలములో ప్రిన్సిపాలు అయినవారిలో ఒకరు విశాఖపట్నములో పుట్టిన మన తెలుగు ఆడపడుచు డాక్టర్ హిల్డా లాజరస్. కానుకకు అసలైన ఫలము అదే: పుచ్చుకొన్న దేశపు బిడ్డ బాధ్యత వహించుట. ఐడా అమ్మగారు 1960 మే నెలలో కొడైకెనాలులో ప్రభువునందు నిద్రించారు.

ప్రియులారా, మనము పుచ్చుకొన్న సంఘము. మన అవ్వలు అక్షరము నేర్చింది ముఖము ఎరుగని వారి కానుకతోనే. నేటికీ పదవ తరగతి దాటలేక కూలికి పోయే పిల్లలు మన పల్లెల్లో ఉన్నారు. మన ఎల్లలు దాటినా ఉన్నారు. కోత పండుగ కానుకలో ఒక భాగమును, మన పేటవారు కాకపోయినా, మన భాషవారు కాకపోయినా, అటువంటి ఒక బిడ్డ ఉన్నత పాఠశాల చదువుకు ప్రత్యేకించుదము. ఆ బిడ్డ మన పేరు ఎరుగకపోవచ్చు. మనకు ఇచ్చిన వారి పేర్లు మనమెరుగుదుమా?