నిడుబ్రోలు రంగాగారు



రాజుల మొదటి గ్రంథము 21వ అధ్యాయము చదివినప్పుడెల్ల మాకు ఆచార్య ఎన్.జి. రంగాగారు జ్ఞాపకమునకు వచ్చుచుందురు. నాబోతు తన పితరుల స్వాస్థ్యమును రాజునకు ఇయ్యననెను. రంగాగారు రైతు పక్షమున ఆ మాటయే ప్రభుత్వముతో చెప్పిరి.

వారు క్రైస్తవులు కారు. 1900వ సంవత్సరము నవంబరు 7న, మన దివిసీమకు కృష్ణ ఆవలివైపున, గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబమున జన్మించిరి. గుంటూరులో లూథరన్ మిషనువారి ఆంధ్ర క్రైస్తవ కళాశాలలోను, పిమ్మట ఆక్స్‌ఫర్డులోను చదివిరి. 1923లో తమ యింటి మంచినీళ్ల బావిని హరిజనులకు తెరచిరి. ఆ పని ఎంతటిదో మన పేటల పెద్దలకు చెప్పనక్కరలేదు. ఎవరైన చేది పోయువరకు ఊరిబావికి ఎడముగా కుండతో నిలిచిన దినములు వారెరుగుదురు.

1930లో కాంగ్రెసులో చేరి, జమీందారీలు పోవలెనని రైతులను కూడగట్టిరి. 1948 చట్టముతో ఆ ఎస్టేటులు రద్దాయెను.

1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు సమిష్టి సేద్యమును తీర్మానించెను. పొలములన్నియు కలిపి దున్నవలెను. భూమి గలవానికి భూమినిబట్టి, పని చేసినవానికి, సెంటు భూమి లేకున్నను, పనినిబట్టి భాగము రావలెను. ఇది రైతు చేతినుండి నేలను జార్చునని రంగాగారు కాంగ్రెసు విడిచిరి. ఆ యేడే రాజాజీగారితో కూడి స్వతంత్ర పార్టీ స్థాపించి, దాని మొదటి అధ్యక్షులైరి. 1964లో 17వ రాజ్యాంగ సవరణను లోక్‌సభలో గట్టిగా ఎదిరించిరి. 1967లో ఆ పార్టీకి 44 స్థానములు వచ్చెను. తరువాత పార్టీ క్షీణించెను. వారును తిరిగి కాంగ్రెసులోనికే వచ్చిరి. 1995 జూన్ 9న కన్నుమూసిరి.

వారి నిజాయితీని మేము శంకింపము. మంత్రి పదవికై ప్రాకులాడిన మనిషి కారు. అయినను నాగపూరు తీర్మానములోని ఆ రెండవ భాగము మన సంఘస్థులదే. వరికోతలైన పిమ్మట రూతువలె పరిగె ఏరుకొన్నవారు మనలో అనేకులు. ఆ తీర్మానము ఆచరణలోనికి రానేలేదు. వచ్చినయెడల కూలివాని భాగము వానికి నిజముగా చేరెడిదో, లేక సొసైటీ పెద్దల గాదెలలోనే నిలిచెడిదో, మేము తేల్చి చెప్పలేము.

ఒక ఆదివారము నాబోతు సంగతి బోధించితిమి. ఆరాధన ముగిసిన తరువాత, కోతపనులలో నడుము వంగిన ఒక అవ్వ గుమ్మమువద్ద మమ్మును ఆపి, "అయ్యగారూ, ఆ తోటలో కూలికి పోయినోళ్ల సంగతి రాయలేదా?" అని అడిగెను.

వ్రాయలేదని చెప్పితిమి.