సరిహద్దు గాంధీ బాద్షా ఖాన్

ఓటు పెట్టి ఒక జాతి భవిష్యత్తును తేల్చిన సందర్భాలు చరిత్రలో చాలా ఉన్నాయి. అందులో కొన్నిటి మీద తగాదా ఈనాటికీ తీరలేదు. 1947 జూలైలో వాయవ్య సరిహద్దు రాష్ట్రంలో జరిగిన రెఫరెండం అలాంటిదే. అక్కడ తగాదా ఓట్ల లెక్క మీద కంటే, అడిగిన ప్రశ్న మీదనే ఎక్కువ. ఆ రోజు ఓటు వెయ్యం అని తన జనాన్ని ఇంటి దగ్గరే నిలబెట్టిన మనిషి ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్. పఠాన్లు ఆయనను ప్రేమతో బాద్షా ఖాన్ అన్నారు. మన దేశంలో సరిహద్దు గాంధీ అంటే తెలియని పెద్దవాళ్ళు ఉండరు. కానీ పేరు తెలిసినంతగా ఆయన పడిన కష్టం మనవాళ్ళకు తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు.

పెషావర్ దగ్గర చార్సద్దా ప్రాంతంలో ఉత్మన్‌జై అనే ఊరు ఉంది. 1890లో ఆ ఊరి భూస్వామి బహరాం ఖాన్ ఇంట్లో గఫార్ ఖాన్ జన్మించారు. అన్నగారు డాక్టర్ ఖాన్ సాహెబ్ లండన్ వెళ్ళి వైద్యం చదివారు. తమ్ముడు పెషావర్ మిషన్ స్కూల్లో చదువుకున్నారు. ఆరడుగులు దాటిన ఆజానుబాహువు కావడంతో గైడ్స్ పటాలంలో ఆఫీసరు ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చింది. అయితే తెలిసిన పఠాన్ ఆఫీసరు ఒకరిని ఒక ఆంగ్లేయుడు అవమానించడం కళ్ళారా చూసి, ఆ ఉద్యోగం నాకొద్దని వచ్చేశారు. కొన్నాళ్ళు అలీగఢ్‌లో ఉన్నారు. అన్నలాగా ఇంగ్లండు పోదామంటే తల్లి ఒప్పుకోలేదు. తల్లి మాట కాదనలేక ఊళ్ళోనే ఉండిపోయారు.

ఊళ్ళో ఉండి ఏం చేశారంటే, బడి పెట్టారు. 1910లో ఇరవై ఏళ్ళ వయసులో మొదటి బడి తెరిచారు. ఆనాటి పఠాన్ సమాజంలో కక్షలు తరతరాలు నడిచేవి. తాత చంపితే మనవడు బదులు తీర్చుకునేవాడు. చదువు లేకపోవడమే దీనికి మూలమని గఫార్ ఖాన్ గట్టిగా నమ్మారు. ఊరూరా నడిచి తిరిగి, పిల్లల్ని బడికి పంపండి, ఆడపిల్లల్ని కూడా చదివించండి అని చెప్పారు. 1921లో ఉత్మన్‌జైలో ఆజాద్ స్కూలు పెట్టారు. బడి నడపడం కూడా తెల్లదొరలకు నేరమే అయింది. మూడేళ్ళ కఠిన శిక్ష వేశారు. 1924లో విడుదలై వచ్చి మళ్ళీ అదే పని మొదలు పెట్టారు. 1926లో హజ్ యాత్రకు వెళ్ళినప్పుడు జెరూసలేంలో ఆయన భార్య ప్రమాదవశాత్తు చనిపోయారు. తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. 1928లో పష్తో భాషలో పఖ్తూన్ అనే పత్రిక నడిపారు.

1929లో ఖుదాయి ఖిద్మత్‌గార్ అనే సంస్థ స్థాపించారు. దేవుని సేవకులు అని అర్థం. దేవునికి మన సేవ అక్కర్లేదు, ఆయన సృష్టించిన మనుషులకు చేసే సేవే దేవుని సేవ అనేది ఆ పేరులోని భావం. చేరేవాడు ప్రమాణం చెయ్యాలి. హింస చెయ్యను, పగ తీర్చుకోను, కక్షలు మానేస్తాను అని. తెల్లబట్టలు త్వరగా మాసిపోతున్నాయని ఇటుక రంగు వేయించారు. దాంతో ఎర్రచొక్కాల వాళ్ళని పేరొచ్చింది. తుపాకీ లేకుండా పఠాన్ గడప దాటడనుకునే రోజుల్లో వేలాది పఠాన్లు ఆయుధం పక్కన పెట్టడం మామూలు విషయం కాదు. ఈ అహింస ఎక్కడిది అంటే, మక్కాలో ప్రవక్తగారు చూపిన సహనమే తనకు పాఠమని గఫార్ ఖాన్ చెప్పేవారు. హిందువులు, సిక్కులు కూడా ఈ సంస్థలో చేరారు.

1930 ఏప్రిల్ 23న పెషావర్ కిస్సా ఖ్వానీ బజారులో నిరాయుధులైన జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. ఆ రోజు గఢ్వాల్ పటాలానికి చెందిన చంద్రసింగ్, ఆయన జవాన్లు కాల్చమని ఆజ్ఞ వస్తే కాల్చలేదు. దానికి వాళ్ళు ఏళ్ళ తరబడి జైలు అనుభవించారు. ముస్లిం జనం మీద కాల్చం అని హిందూ జవాన్లు శిక్షకు సిద్ధపడిన ఆ ఘట్టం మనం మరిచిపోకూడనిది. అటు తర్వాత ఎర్రచొక్కాలు కాంగ్రెసుతో కలిసి నడిచాయి. గఫార్ ఖాన్ హజారీబాగ్ జైల్లో ఉన్నారు, వార్ధాలో గాంధీగారి దగ్గరా ఉన్నారు. కాంగ్రెస్ అధ్యక్ష పదవి ఇస్తామన్నా సిపాయిగా ఉంటే చాలునన్నారు.

ఇక రెఫరెండం సంగతి. 1946 ఎన్నికల్లో సరిహద్దు రాష్ట్రంలోని 50 సీట్లలో కాంగ్రెసుకు 30, ముస్లిం లీగుకు 17 వచ్చాయి. డాక్టర్ ఖాన్ సాహెబ్ ముఖ్యమంత్రి. ముస్లింలు అత్యధికంగా ఉన్న రాష్ట్రంలో లీగు ఓడిపోవడం దేశమంతా చెప్పుకున్నారు. కానీ ఏడాదిలో గాలి మారింది. బీహారులో జరిగిన మారణకాండ వార్తలు కొండల్లోకి చేరాయి. లీగు శాసనోల్లంఘనం మొదలుపెట్టింది. అదే సమయంలో గఫార్ ఖాన్ బీహారు పల్లెల్లో గాంధీగారితో కలిసి శాంతి యాత్రలో ఉన్నారు.

1947 జూన్ 3 పథకం ప్రకారం ఆ రాష్ట్ర ఓటర్లు రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. ఇండియా రాజ్యాంగ సభ లేక పాకిస్తాన్ రాజ్యాంగ సభ. పంజాబు రెండుగా చీలిపోతే మధ్యలో దారి లేని ఇండియాలో పఠాన్లు ఎలా ఉంటారు? అంటే ఒక జవాబు పేరుకే ఉంది. మతం పేరుతో దేశాన్ని చీల్చవద్దని ఏళ్ళుగా చెప్పినవాళ్ళు రెండో జవాబు ఎలా ఇస్తారు? జూన్ 21న బన్నూలో సమావేశమై, స్వతంత్ర పఖ్తూనిస్తాన్ అనే మూడో అవకాశం కూడా ఇవ్వమన్నారు. మౌంట్‌బాటెన్ ఒప్పుకోలేదు. రాష్ట్రాలు విడివిడిగా స్వతంత్రం కావచ్చుననే అంతకు ముందటి ప్రణాళికను మే నెలలో నెహ్రూగారే తోసిపుచ్చారు కాబట్టి, ఇప్పుడు ఒక రాష్ట్రానికి ఎలా ఇస్తాం అన్నది వైస్రాయి వాదం. గఫార్ ఖాన్‌కు మూసుకున్న తలుపు గడియ వేసిన చేతుల్లో సొంత పార్టీ చెయ్యి కూడా ఉంది. కాంగ్రెసు వర్కింగ్ కమిటీ పథకానికి ఒప్పుకున్న రోజు, మమ్మల్ని తోడేళ్ళకు వదిలేశారని ఆయన బాధపడ్డారు.

జూలై 6 నుంచి 17 వరకు ఓటింగు జరిగింది. ఎర్రచొక్కాలు బహిష్కరించారు. ఓటర్ల మొత్తం 5,72,798. పాకిస్తాన్‌కు 2,89,244 ఓట్లు, ఇండియాకు 2,874 ఓట్లు వచ్చాయి. పోలైన వాటిలో చూస్తే 99 శాతం. మొత్తం ఓటర్లలో చూస్తే సగానికి ఒక పిసరు ఎక్కువ. బహిష్కరించినా సగం మందికి పైగా వచ్చి వేశారు కదా అని లీగు వాళ్ళు అన్నారు. దొంగ ఓట్లు పడ్డాయని, సగం మంది మౌనాన్ని ఎవరూ లెక్క పెట్టలేదని ఖిద్మత్‌గార్లు అన్నారు. ఓటు హక్కే అందరికీ లేదు. కొండ తెగల ప్రాంతాలు, స్వాత్, దీర్ వంటి సంస్థానాలు ఆ ఓటింగులో లేనే లేవు. రెండు వాదాల్లోనూ కొంత నిజం ఉంది. కాకపోతే గెలిచినవాళ్ళ లెక్కే చట్టమవుతుంది.

ఓడినాయన ఏం చేశారన్నదే ముఖ్యం. కత్తి పట్టలేదు. 1947 ఆగస్టు 22న అన్నగారి మంత్రివర్గాన్ని తొలగించినా తిరుగుబాటు చెయ్యమనలేదు. సెప్టెంబరులో సర్దర్యాబ్‌లో సమావేశమై పాకిస్తాన్ మా దేశమే, అందులో మాకు మా రాష్ట్రం, మా పేరు కావాలి అని తీర్మానించారు. 1948 ఫిబ్రవరిలో కరాచీ వెళ్ళి రాజ్యాంగ సభలో విధేయతా ప్రమాణం చేశారు. అయినా అనుమానం పోలేదు. పొరుగున ఆఫ్ఘనిస్తాన్ ప్రభుత్వం పఖ్తూనిస్తాన్ పేరెత్తి గొడవ చెయ్యడం ఆయనకు మరింత చేటు తెచ్చింది. జూన్‌లో జైలుకు పంపారు. ఆగస్టు 12న చార్సద్దా దగ్గర బాబ్రాలో ఆయన అనుచరుల మీద కాల్పులు జరిగాయి. చనిపోయిన వారి సంఖ్య ప్రభుత్వం చెప్పింది ఒకటి, జనం చెప్పింది దానికి ఎన్నో రెట్లు.

1954లో వదిలారు. 1955లో పశ్చిమ పాకిస్తాన్ రాష్ట్రాలన్నిటినీ కలిపి ఒకే యూనిట్ చేశారు. సింధీ, బలూచీ, పఠాన్, పంజాబీ తేడాలు కాగితం మీద చెరిపేస్తే పోతాయనుకున్నారు. గఫార్ ఖాన్ దాన్ని ఎదిరించారు. విచిత్రమేమంటే ఆ యూనిట్‌కు మొదటి ముఖ్యమంత్రి ఆయన అన్నగారే. అన్నదమ్ములు చెరో దారీ పట్టారు. 1958లో లాహోర్‌లో అన్నగారు హత్యకు గురయ్యారు. 1970లో ఆ యూనిట్ రద్దయింది. మరుసటి ఏడాదే తూర్పు పాకిస్తాన్ విడిపోయి బంగ్లాదేశ్ అయింది. అనేక భాషల వాళ్ళున్న దేశాన్ని ఒక్క మూసలో పోస్తే ఏమవుతుందో ఆయన ముందే చెప్పారు, వినేవాళ్ళు లేకపోయారు.

1964 నుంచి 1972 దాకా ఆఫ్ఘనిస్తాన్‌లో ప్రవాసం. 1969లో గాంధీ శతజయంతికి మన దేశం వచ్చారు. అదే సమయంలో అహ్మదాబాదులో మత కల్లోలాలు జరగడం చూసి మూడు రోజులు ఉపవాసం ఉన్నారు. పార్లమెంటు ఉభయ సభల ముందు మాట్లాడుతూ, గాంధీని మరిచిపోతున్నారని మొహమాటం లేకుండా చెప్పారు. 1987లో భారతరత్న ఇచ్చారు. భారత పౌరుడు కాని వ్యక్తికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

1988 జనవరి 20న పెషావర్‌లో కన్ను మూశారు. ఆయన కోరిక ప్రకారం జలాలాబాద్‌లో ఖననం చేశారు. ఆఫ్ఘన్ యుద్ధం జోరుగా సాగుతున్న రోజులవి. అయినా జనాజా కోసం కాల్పులు ఆపారు. వేలాది మంది ఖైబర్ కనుమ దాటి వెళ్ళారు. దుఃఖకరమైన విషయం, ఆ రోజే అక్కడ బాంబులు పేలి కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

తెల్లవాళ్ళ జైలు, సొంత దేశపు జైలు కలిపి జీవితంలో మూడోవంతు వరకు ఆయనకు కటకటాల వెనకే గడిచింది. 2010లో పాకిస్తాన్ పార్లమెంటు ఆ రాష్ట్రం పేరు ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా అని మార్చింది. సర్దర్యాబ్‌లో అడిగిన దాంట్లో ఒక ముక్క అరవై మూడేళ్ళకు దక్కింది. దేశాలు ఓట్లతో చీలినా, ఓట్లతో కలిసినా, ఓడినవాడి గౌరవం కాపాడకపోతే తగాదా పిల్లల కాలానికి మిగిలిపోతుంది. ఓడినవాడు కూడా కత్తి పట్టకుండా తన మాట మీద నిలబడవచ్చునని బాద్షా ఖాన్ దాదాపు తొంభై ఎనిమిదేళ్ళ జీవితం చెబుతుంది.