కేశవచంద్రసేనుఁడు – ఈశ్వరుని మాతృత్వము

వానలు లేని వత్సరములలో శింగనమల సీమయందు బిందెలతో నీళ్లకై దూరము నడచువారు స్త్రీలే. ఆ తల్లులను చూచినపుడెల్ల మా కొక ప్రశ్న పుట్టుచుండును. సకల ప్రాణులకు నన్నోదకముల నొసఁగు పరమేశ్వరుని మనము తండ్రి యనియుఁ బ్రభువనియు మాత్రమే యేల పిలువవలెను? దేవుఁడను మాట మహద్వాచకము. దైవమను మాట యమహద్వాచకము. పరతత్త్వమును దెలుపు బ్రహ్మశబ్దము సంస్కృతమున నపుంసకలింగము. లింగము శబ్దమునకే కాని పరమాత్మకుఁ గాదు. ఈ విషయమును, క్రైస్తవసంఘముయొక్క నిజప్రయోజనమును గూర్చి విచారించిన మహనీయుఁడు కేశవచంద్రసేనుఁడు.

ఈతఁడు 1838 నవంబరు 19వ తేదీన కలకత్తాలో జన్మించెను. 1857లో బ్రహ్మసమాజమునఁ జేరి, బ్యాంకులోని యుద్యోగమును 1861లో విడిచి, ధర్మప్రచారమునకే తన్ను సమర్పించుకొనెను. మఱుసటి యేఁట దేవేంద్రనాథ ఠాకూరుగారు ఈతని నాచార్యునిగా నియమించిరి. 1864లో నీతఁడు చెన్నపురికి వచ్చి చేసిన యుపన్యాసముల ఫలముగా నచట వేదసమాజము వెలసెను. ఈతని గ్రంథములు కందుకూరి వీరేశలింగము పంతులుగారి మనస్సును సైతము సంస్కరణమువైపు త్రిప్పినవి. యజ్ఞోపవీతమును, వర్ణాంతర వివాహములను గూర్చిన భేదము ముదురఁగా, 1866లో నీతఁడు భారతవర్షీయ బ్రహ్మసమాజమును వేఱుగ స్థాపించెను.

ఆ సంవత్సరమే క్రీస్తును గూర్చి కలకత్తాలో నీతఁడు చేసిన ప్రసంగము గొప్ప సంచలనము కలిగించెను. క్రీస్తు ఆసియావాసి యనియు, ఆయన త్యాగమును క్షమను అలవఱచుకొనుటయే ఆయన శిష్యత్వ మనియు దాని సారాంశము. మిషనరీలు సంతసించిరి; కాని యీతఁడు బాప్తిస్మము పొందలేదు. 1870లో నింగ్లాండునకుఁ బోయి యచటి వివిధ శాఖలను జూచినపుడు, ఇన్నిగా చీలిన సంఘములలో క్రీస్తు హృదయ మెంత మిగిలినదని విచారించెను. సంఘము మనుష్యుని మార్చుటకా, లెక్కను పెంచుటకా? ఇదియే యాతని ప్రశ్న.

ఈ ప్రశ్నకు మన తెలుఁగునాటనే యొక నిదర్శనము గలదు. 1876–78 నాఁటి ధాతకరవునందు మన సీమ, అప్పటి బళ్లారిజిల్లా, మిక్కిలి నలిగెను. ఒంగోలులోని అమెరికను బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగుహాము కాలువ పనిలో నొక భాగమును గుత్తకుఁ దీసికొని కరవువాతఁ బడిన వేలమందికిఁ గూలి కల్పించిరి; కూటికై మతము మారిరన్న యపవాదు రాకుండ, ఆ కాలమున బాప్తిస్మము లాపివేసిరి. తరువాత 1878 జూలై 3వ తేదీ నొక్కదినముననే 2,222 మందికి బాప్తిస్మ మీఁబడెను. లోకము ఆ సంఖ్యను స్మరించుచున్నది. మాకు మాత్రము, బాప్తిస్మము లాపి పని కల్పించిన నెలలే సంఘముయొక్క నిజప్రయోజనమును జూపినట్లు తోఁచుచున్నది.

ఆ 1878వ సంవత్సరమే కేశవుని కీర్తికిఁ గళంకము తెచ్చెను. వధువునకుఁ బదునాలుగేండ్లు నిండవలెనను 1872 నాఁటి వివాహశాసనమునకై శ్రమించిన యాతఁడే, ఆ యీడు నిండని తన కుమార్తెను కూచిబిహారు మహారాజున కిచ్చి పెండ్లిచేసెను. అనుచరు లనేకులు విడిపోయి ఆ మే నెలలో సాధారణ బ్రహ్మసమాజమును స్థాపించిరి. ఆతనియెడ మా కెంత గౌరవమున్నను, ఈ లోపమును దాఁచుట ధర్మము కాదు.

దక్షిణేశ్వరమున రామకృష్ణ పరమహంసగారితో 1875 మొదలు పెరిగిన స్నేహము ఈతని భక్తిని మృదువు గావించెను. 1879లో, మిత్రులు విడిచిన దుఃఖకాలముననే, ఈతఁడు పరమేశ్వరుని విగ్రహములేని తల్లిగాఁ జాటెను. దండించు ప్రభువు చెంతకుఁ బోవ వెఱచు పాపి తల్లి యొడికిఁ బోవ వెఱవఁడు గదా! తరువాత ప్రకటించిన నవవిధానమున సకలమతముల సమన్వయమును బోధించి, 1884 జనవరి 8వ తేదీన నలువదియైదేండ్ల ప్రాయముననే పరమపదించెను.

సోదరులారా, ఈ చరిత్ర మనకు నేర్పు నీతి స్పష్టము. ఈశ్వరునిఁ దల్లి యని కీర్తించి, యింటిలోని కుమార్తె యీడును, చదువును, ఇష్టమును విచారింపనిచో నా కీర్తనము వట్టి మాటయే. గుడియైనను, చర్చియైనను, సమాజమైనను ఒక్కటే పరీక్షకు నిలువవలెను. బిందె మోయు నా తల్లి భారము దానివలన నెంత తగ్గినది?